గర్భవిచ్ఛిత్తి: గర్భస్థ ప్రాణానికి విలువ ఎప్పటి నుంచి? చట్టం, మతాలు ఏం చెబుతున్నాయి?

2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక పిటిషన్‌పై వారం రోజుల వ్యవధిలో మూడు భిన్నమైన ఉత్తర్వులు వెలువడ్డాయి. పిటిషనర్ 27 ఏళ్ల వివాహిత, ఇద్దరు పిల్లల తల్లి. రెండో కాన్పు తర్వాత తలెత్తిన తీవ్ర మానసిక రుగ్మతకు మందులు వాడుతున్నారు. పాలిచ్చే కాలంలో నెలసరి రాకపోవడంతో మళ్లీ గర్భం దాల్చిన సంగతి ఆమెకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే చట్టం విధించిన 24 వారాల గడువు దాటిపోయింది.

జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ బి.వి. నాగరత్నల ధర్మాసనం అక్టోబరు 9న గర్భవిచ్ఛిత్తికి అనుమతించింది. ఆ వెంటనే ఎయిమ్స్ వైద్యుల నుంచి ఒక సందేహం వచ్చింది. పిండం గర్భాశయం వెలుపల బతికే దశకు చేరిందని, ముందుగా దాని గుండె స్పందనను ఆపాలా అన్నది కోర్టే స్పష్టం చేయాలని వారు కోరారు. 11న ఇద్దరు న్యాయమూర్తుల అభిప్రాయాలు వేరుపడ్డాయి. తన మనస్సాక్షి అంగీకరించడం లేదని జస్టిస్ కోహ్లీ, మహిళ తీసుకున్న నిర్ణయాన్ని గౌరవించాలని జస్టిస్ నాగరత్న పేర్కొన్నారు. 16న ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ నేతృత్వంలోని త్రిసభ్య ధర్మాసనం అనుమతి నిరాకరించింది. గర్భం వయసు 26 వారాల 5 రోజులని, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పు గానీ పిండంలో లోపం గానీ లేదని తెలిపింది. ప్రసవ ఖర్చు ప్రభుత్వమే భరించాలని, బిడ్డను దత్తత ఇచ్చే విషయం తల్లిదండ్రులే నిర్ణయించుకోవచ్చని చెప్పింది.

గర్భస్థ ప్రాణానికి విలువ లేదని ఈ వ్యాజ్యంలో ఎవరూ వాదించలేదు. ఆ విలువ ఏ దశలో తల్లి నిర్ణయాన్ని మించుతుంది, ఆ గీతను ఎవరు గీయాలి అన్న దగ్గరే వాదం నిలిచింది. మన దేశంలో ఈ అంశంపై సాగుతున్న నైతిక, మత చర్చలన్నీ చివరకు చేరేది ఈ రెండు ప్రశ్నల దగ్గరికే.

ఒకే చర్యకు ఎన్నో పేర్లు

తెలుగులో ఈ చర్యకు వాడే పదాలే వక్త దృక్పథాన్ని తెలియజేస్తాయి. చట్టపరమైన వార్తల్లో ‘గర్భవిచ్ఛిత్తి’ అంటారు. ‘గర్భస్రావం’ అనేది దానంతట అది జరిగినదానికీ, చేయించుకున్నదానికీ చెల్లుతుంది. ‘భ్రూణహత్య’ అన్న మాటలో తీర్పు ముందే వెలువడుతుంది. ఇళ్లలో మాత్రం ‘కడుపు పోయింది’, ‘కడుపు తీయించుకుంది’ అన్న రెండు మాటలు ప్రమేయం లేనిదాన్నీ, కావాలని చేసినదాన్నీ స్పష్టంగా వేరు చేస్తాయి.

ఆయుర్వేదం దశనుబట్టి కూడా పేరు మార్చింది. నాలుగో నెలలోపు జరిగితే గర్భస్రావం, శరీరం గట్టిపడిన అయిదు, ఆరు నెలల్లో జరిగితే గర్భపాతం. పిండం ఎదిగేకొద్దీ నష్టం స్వభావం మారుతుందన్న భావన ఈ విభజనలో ఉంది.

చట్టం గీసిన గీతలు

1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 312వ సెక్షన్ ప్రకారం, మహిళ ప్రాణరక్షణకు సదుద్దేశంతో చేసినది కాకపోతే గర్భస్రావం కలిగించడం నేరం. శిక్ష మూడేళ్ల వరకు, శిశువు కదలిక మొదలైన తర్వాతైతే ఏడేళ్ల వరకు. తనకు తానే గర్భస్రావం కలిగించుకున్న మహిళ కూడా ఈ సెక్షన్ పరిధిలోకి వస్తుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నిబంధన 88వ సెక్షన్‌గా కొనసాగుతోంది.

నాటు పద్ధతుల వల్ల మహిళలు ప్రాణాలు కోల్పోతున్న నేపథ్యంలో కేంద్రం 1964లో శాంతిలాల్ షా కమిటీని నియమించింది. 1966లో అది ఇచ్చిన నివేదిక ఆధారంగా 1971లో వైద్యపరమైన గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది. పాత నేరం రద్దు కాలేదు. షరతులు పాటించిన నమోదిత వైద్యులకు దాని నుంచి రక్షణ లభించింది.

2021లో సవరించిన చట్టం ప్రకారం 20 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు వైద్యులు అంగీకరించాలి. ఈ అదనపు గడువు అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భం దాల్చాక వితంతువులైన లేదా విడాకులు పొందిన స్త్రీలు, వికలాంగులు తదితర వర్గాలకు వర్తిస్తుంది. 24 వారాలు దాటితే పిండంలో తీవ్రమైన లోపం ఉందని వైద్య మండలి నిర్ధారించాలి. తల్లి ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమైతే ఏ గడువూ అడ్డురాదు. వయోజన మహిళ సమ్మతి ఒక్కటే సరిపోతుంది. భర్త అంగీకారం చట్టం అడగదు.

హక్కా, మినహాయింపా?

సంతానం విషయంలో నిర్ణయం తీసుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో పేర్కొంది. 2022 సెప్టెంబరు 29న ఇచ్చిన తీర్పులో అవివాహితలకూ 24 వారాల గడువు వర్తిస్తుందని తెలిపింది. ఈ చట్టం పరిధిలో అత్యాచారం అన్న పదానికి వివాహబంధంలోని బలవంతపు లైంగిక చర్య కూడా వస్తుందని అదే తీర్పు స్పష్టం చేసింది.

అయినా చట్టం మాట్లాడేది వైద్యుని అభిప్రాయం గురించే. తొలి వారాల్లో సైతం, గర్భం కొనసాగితే మహిళ శారీరక లేదా మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని కలుగుతుందనో, పిండంలో లోపం ఉండవచ్చనో వైద్యుడు సద్భావంతో భావించాలి. ‘నాకు వద్దు’ అన్న మాట ఒక్కటే చట్టం దృష్టిలో కారణం కాదు. నిర్ణయాధికారం మహిళ చేతికి పూర్తిగా రాలేదన్న విమర్శకు మూలం ఇదే. పిండం తన తరఫున మాట్లాడలేదు కాబట్టి ఆ పాటి కాపలా అవసరమేనన్నది ఎదుటి వాదన.

మతాల మాట

ధర్మశాస్త్రాలు భ్రూణహత్యను ఘోర పాపాల్లో ఒకటిగా లెక్కించాయి. అయితే జీవం ఎప్పుడు ప్రవేశిస్తుందన్న దానిపై ప్రాచీన గ్రంథాల్లో ఒకే మాట లేదు. శుక్ర శోణితాల కలయికలో జీవుడు చేరినప్పుడే గర్భం ఏర్పడుతుందని చరక సంహిత చెబుతుంది. ఏడో నెలలో జీవంతో కూడుతుందని గర్భోపనిషత్తు అంటుంది. పరిస్థితి చేయి దాటినప్పుడు గర్భిణికి హాని కలగనీయకుండా గర్భపాతనమే మేలని సుశ్రుత సంహిత మూఢగర్భ చికిత్సలో సూచిస్తుంది. పాపమని చెప్పిన సంప్రదాయమే తల్లి ప్రాణం దగ్గరికి వచ్చేసరికి దారి విడిచిందన్నమాట.

బౌద్ధ వినయం ప్రకారం గర్భస్రావం చేయించిన భిక్షువు సంఘంలో ఉండే అర్హత కోల్పోతాడు. జైనంలో అహింసా వ్రతం గర్భస్థ జీవికీ వర్తిస్తుంది.

ఇస్లాం న్యాయశాస్త్రంలో 120 రోజుల గీత ప్రసిద్ధం. పిండం నలభయ్యేసి రోజుల మూడు దశలు దాటాక దేవదూత ఆత్మను ఊదుతాడన్న హదీసు దీనికి ఆధారం. ఆ తర్వాత తల్లి ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప అనుమతి లేదన్నది విస్తృతంగా ఆమోదం పొందిన అభిప్రాయం. అంతకుముందు దశపై మాత్రం మార్గాల మధ్య తేడాలున్నాయి. తగిన కారణం ఉంటే హనఫీ పండితులు పలువురు అంగీకరిస్తారు. మాలికీ మార్గం మొదటి నుంచీ కఠినంగా ఉంటుంది.

కేథలిక్ చర్చి గీత గర్భధారణ క్షణం దగ్గరే ఉంది. ఆత్మ ప్రవేశించిన పిండం, ప్రవేశించని పిండం అన్న పాత భేదాన్ని శిక్షల విషయంలో 1869లో తొమ్మిదో పయస్ పోప్ తొలగించారు. 1995లో రెండో జాన్ పాల్ పోప్ తన లేఖలో ప్రత్యక్ష గర్భవిచ్ఛిత్తి ఎప్పుడూ తగదని పునరుద్ఘాటించారు. అయితే గర్భాశయ కేన్సర్ వంటి వ్యాధికి చేసిన చికిత్స వల్ల పిండం నష్టపోతే దాన్ని చర్చి వేరుగా చూస్తుంది. అక్కడ ఉద్దేశం ప్రాణం తీయడం కాదు గనుక. ప్రొటెస్టెంట్ శాఖల్లో ఏకాభిప్రాయం లేదు.

ఆడపిల్ల, వైకల్యం

భారతీయ చర్చను పాశ్చాత్య చర్చ నుంచి వేరుచేసేది లింగ ఎంపిక. ఆరేళ్లలోపు ప్రతి వెయ్యి మంది బాలురకు బాలికల సంఖ్య 1991 జనగణనలో 945 ఉండగా 2001 నాటికి 927కు పడిపోయింది. లింగ నిర్ధారణ పరీక్షలను నిషేధిస్తూ 1994లో చట్టం చేసి, 2003లో మరింత కఠినం చేశారు. సిక్కుల అత్యున్నత పీఠం అకాల్ తఖ్త్ ఆడశిశు భ్రూణహత్యకు వ్యతిరేకంగా 2001లో ఆదేశం జారీ చేసింది.

మహిళా సంఘాలకు ఇది కత్తిమీద సామే. గర్భం వద్దనుకునే స్వేచ్ఛను సమర్థిస్తూ, ఆడపిల్ల అన్న కారణంతో వద్దనడాన్ని వ్యతిరేకించాలి. తప్పు గర్భవిచ్ఛిత్తిలో లేదు, పుట్టకముందే ఆడపిల్లను వేరు చేసి చూసే పరీక్షలో ఉందన్నది వారి సమాధానం. రెండు చట్టాలను కలగలిపి చూస్తే వైద్యులు భయపడి న్యాయమైన కేసులనూ తిప్పి పంపుతారని, అప్పుడు మహిళలు మళ్లీ నాటు పద్ధతులనే ఆశ్రయిస్తారని వారు హెచ్చరిస్తున్నారు.

వైకల్యం మరో చిక్కుముడి. ఆరోగ్యవంతమైన పిండానికి 24 వారాల తర్వాత రక్షణ ఇచ్చిన చట్టం, తీవ్ర లోపమున్న పిండానికి ఆ గడువు ఎత్తివేసింది. పుట్టుకకు ముందే వికలాంగుల ప్రాణవిలువను తక్కువ చేసినట్లు కాదా అని వికలాంగుల హక్కుల కార్యకర్తలు ప్రశ్నిస్తున్నారు. బిడ్డ జీవితాంతపు సంరక్షణలో అధిక భారం మోసేది తల్లే కాబట్టి ఆమె మాటే ముఖ్యమని మరికొందరు అంటారు.

ఇరుగు పొరుగు, ఐర్లండ్

నేపాల్ 2002లో 12 వారాల వరకు మహిళ కోరితే చాలునని చట్టం మార్చింది. అంతకుముందు అక్కడ మహిళలు జైలుపాలయ్యేవారు. శ్రీలంకలో 1883 నాటి శిక్షాస్మృతి ప్రకారం తల్లి ప్రాణరక్షణకు తప్ప అనుమతి లేదు. బంగ్లాదేశ్ పాత చట్టాన్ని ఉంచుతూనే 1979 నుంచి ‘రుతుక్రమ నియంత్రణ’ పేరుతో తొలి వారాల్లో సేవలందిస్తోంది. పాకిస్థాన్ చట్టం పిండం అవయవాలు ఏర్పడటాన్ని గీతగా తీసుకుంది.

తల్లికీ గర్భస్థ శిశువుకూ సమాన జీవన హక్కు ఉందని ఐర్లండ్ 1983లో రాజ్యాంగంలో చేర్చింది. 2012లో అక్కడ కర్ణాటకకు చెందిన దంత వైద్యురాలు సవితా హలప్పనవర్‌కు 17వ వారంలో గర్భం నిలవదని తేలింది. పిండం గుండె కొట్టుకుంటోందన్న కారణంతో ఆమె కోరిన గర్భవిచ్ఛిత్తి చేయలేదు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి ఆమె మరణించారు. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66.4 శాతం మంది ఆ నిబంధన తొలగింపునకు ఓటు వేశారు.

మిగిలిన ప్రశ్న

నెలలు నిండని శిశువుల వైద్యం మెరుగుపడేకొద్దీ గర్భాశయం వెలుపల బతికే దశ ముందుకు జరుగుతోంది. మరోవైపు గుండె లోపాల వంటివి 20వ వారం ప్రాంతంలో చేసే స్కానింగ్‌లో గానీ బయటపడవు. పేద, గ్రామీణ మహిళలకు ఆ స్కానింగ్ అందేసరికి మరింత ఆలస్యమవుతుంది. అంటే గడువు మీద గడువు ముంచుకొచ్చేది తమ గర్భం సంగతి ఆలస్యంగా తెలిసిన మైనర్లకు, వైద్యుడు అందుబాటులో లేనివారికి, ఇంట్లో నోరు విప్పలేనివారికి. గర్భస్థ ప్రాణాన్ని గౌరవించాలన్న మాటలో చిత్తశుద్ధి ఉంటే, తొలి వారాల్లోనే పరీక్ష, సలహా, సురక్షిత వైద్యం అందించడం ఆ గౌరవంలో భాగమని ఇరుపక్షాలూ అంగీకరించవచ్చు. ఎంత తొందరగా సాయం అందితే, కోర్టు మెట్లెక్కి గుండె చప్పుడు గురించి వాదించాల్సిన సందర్భాలు అంత తగ్గుతాయి.