ఉదయగిరి బాలకృష్ణుడు ఎక్కడున్నాడు?

మా మర్రిపాడుకు ఒక దిక్కున ఆత్మకూరు, ఇంకో దిక్కున ఉదయగిరి. ఉదయగిరి వెళ్లినవాళ్లు కోట చూస్తారు, రంగనాయకుల గుడి చూస్తారు, బస్సెక్కి వచ్చేస్తారు. ఆ ఊరు విడిచి వెళ్లిన దేవుడి సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. నాకది బాధ.

1513లో శ్రీకృష్ణదేవరాయలు దండెత్తి వచ్చేనాటికి కోట ఒరిస్సా గజపతుల చేతిలో ఉంది. చుట్టూ అడవి, నిట్టనిలువు కొండ. బండలు పగలగొట్టించి, సైన్యం నడిచేందుకు బాటలు వేయిస్తూ ఏడాదికి పైగా ముట్టడి సాగించాడు. 1514లో కోట లొంగింది. గజపతి బంధువు తిరుమల రౌతరాయడు బందీగా చిక్కాడు. రాయలు ఇక్కడినుంచి బాలకృష్ణుడి విగ్రహాన్ని కూడా తీసుకుపోయి, 1515లో హంపీలో ప్రతిష్ఠించి శాసనం వేయించాడు. దానికోసమే అక్కడ ఒక గుడి కట్టించాడు. ఆ గుడి తూర్పు గోపురం మీద సున్నపు బొమ్మల్లో గుర్రాలు, ఏనుగులు, కాల్బలం ఇప్పటికీ కనిపిస్తాయి. అది మన ఉదయగిరి యుద్ధమే. రాయల బంగారు వరహా మీద మోకాలెత్తి, చేత వెన్నముద్ద పట్టుకుని కూర్చున్న బాలుడు కూడా ఈ గెలుపు గుర్తేనంటారు.

అక్కడా ఆయనకు పూజలు యాభై ఏళ్లే. 1565లో రాక్షసతంగడి యుద్ధంలో ఓడిపోయాక హంపీ పాడుబడింది, జనం చెల్లాచెదురయ్యారు, గుడి పడావు పడింది. దెబ్బతిన్న విగ్రహం చివరికి చెన్నై ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియానికి చేరింది.

ఊరు విడిచినవన్నీ ఇలా మూగబోవు. ఇంగ్లండులో చర్చిలు మూతపడినప్పుడు వాటిలోని పైపు ఆర్గన్ వాద్యాలను కొన్నిచోట్ల గొట్టం గొట్టంగా విప్పి, జర్మనీ చర్చిలకు తరలించి మళ్లీ బిగించారు. ఊరు మారినా వాటితో కలిసి పాడే జనం దొరికారు. మన బాలకృష్ణుడికి ఆ అదృష్టం లేదు. భిన్నమైన విగ్రహానికి గుళ్లో పూజ చేయరు గనుక తిరిగి తెచ్చి నిలపమని నేనడగను. మ్యూజియంలో భద్రంగా ఉండటమే మేలు.

కానీ ఉదయగిరిలో కొండ కింద బాలకృష్ణ మందిరం ఉంది. ఆ విగ్రహం ఫొటో ఒకటి, దాని కథ నాలుగు వాక్యాల్లో, తెలుగులో, అక్కడ పెట్టించాలి. మర్రిపాడు, ఉదయగిరి బడుల్లో పంతుళ్లు రాయల పాఠం చెప్పేటప్పుడు ఈ ముక్క కూడా చెప్పాలి. చెన్నై వెళ్లే మన ప్రాంతంవాళ్లు ఆసుపత్రి పని, పెళ్లి బట్టల పని అయ్యాక ఒక గంట ఎగ్మూరుకు కేటాయించి, మన ఊరి దేవుణ్ణి చూసి రండి.