కాలు మోపని విద్య: కనిగిరి నేపథ్యంలో ద్విచక్ర సమతౌల్య వినోదాల చరిత్ర

వ్యాససంగ్రహం:

మోటారు సైకిల్‌నుగాని, మామూలు సైకిల్‌నుగాని రాళ్లు, దుంగలు, ఏటవాలుల మీదుగా కాలు నేలకు తగలనీయకుండా నడిపే క్రీడను ట్రయల్స్ అంటారు. ఐరోపాలో ఇది నియమావళి, సమాఖ్యలు, ప్రపంచ పోటీలు గల క్రీడగా ఎదిగింది. తెలుగునాట ఈ పేరుతో ఒక క్రీడా సంప్రదాయం స్థిరపడకపోయినా దీనికి మూలమైన నియమం మాత్రం బడి ఆటస్థలంలోనూ, సంత మైదానంలోనూ, అద్దె సైకిల్ దుకాణం ముందూ దశాబ్దాలుగా అమలులో ఉంది. కనిగిరి వంటి మెట్టప్రాంత పట్టణాన్ని నేపథ్యంగా తీసుకొని ఆ వినోదాల చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ట్రయల్స్, సైకిల్, స్లో సైకిల్ రేసు, ఆగని సైకిల్ ప్రదర్శన, బుల్లెట్, కనిగిరి, వినోద చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ద్విచక్ర వాహన క్రీడ అనగానే సాధారణంగా వేగం గుర్తుకు వస్తుంది. ట్రయల్స్‌లో ప్రధానమైన కొలత వేగం కాదు. హద్దులు గీసిన ఒక కష్టమైన దారిని పోటీదారు కాలు దించకుండా దాటాలి. మోటారు సైకిల్ ట్రయల్స్‌లోని సంప్రదాయ లెక్క ప్రకారం కాలు ఒకసారి నేలకు తగిలితే 1, రెండుసార్లు తగిలితే 2, అంతకు మించితే 3 తప్పు మార్కులు పడతాయి. దారి పూర్తి చేయలేకపోతే 5 పడతాయి. అన్ని దారులూ ముగిసేసరికి ఎవరికి తక్కువ మార్కులుంటే వారే విజేత.

ఈ నియమాన్ని తెలుగు పాఠకుడు ఇదివరకు ఎక్కడ చూశాడు? ఈ ప్రశ్నకు సమాధానం వెదికితే మూడు రూపాలు కనిపిస్తాయి: సైకిల్ నేర్చుకునే పిల్లల ఆట, పాఠశాలల్లోని స్లో సైకిల్ రేసు, ఊరూరా తిరిగిన ఆగని సైకిల్ ప్రదర్శన. మూడింటిలోనూ కాలు మోపకపోవడమే గెలుపు. అయితే వీటిలో మొదటిదాన్ని అల్లరిగా, రెండవదాన్ని జాతీయ పండుగనాటి సరదాగా, మూడవదాన్ని పొట్టకూటి విద్యగా మాత్రమే సమాజం చూసింది. ఒకే నైపుణ్యానికి ఒకచోట పతకం, మరొకచోట చిల్లర నాణెం దక్కడానికి గల కారణాలను చర్చించడం అవసరం.

2. యంత్ర పరీక్ష నుంచి మనిషి పరీక్షకు

ఆంగ్లంలో ట్రయల్ అంటే పరీక్ష. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో బ్రిటన్‌లో మోటారు సైకిల్ నమ్మదగిన యంత్రమేనా అన్న అనుమానం ఉండేది. కొండదారుల్లో బండ్లను నడిపి వాటి మన్నికను పరీక్షించే పోటీలు అందుకే పుట్టాయి. స్కాట్లాండులో 1909లో మొదలైన ఆరురోజుల పోటీ వీటిలో ప్రసిద్ధమైనది. యంత్రాలు మెరుగుపడ్డాక బండి కొండ ఎక్కడం వింతగా మిగలలేదు. దానితో నిర్వాహకులు దారిని కఠినం చేసి, నడిపేవాని తీరును గమనించసాగారు. పరీక్ష యంత్రం మీది నుంచి మనిషి మీదికి మారింది.

1960ల మధ్యలో స్పెయిన్‌కు చెందిన బుల్టాకో సంస్థ, ఐర్లండులో జన్మించిన సామీ మిల్లర్ సహకారంతో రూపొందించిన షెర్పా బండి ఈ క్రీడను తేలికపాటి యంత్రాల వైపు మళ్లించింది. 1975లో మోటారు సైకిల్ ట్రయల్స్‌కు ప్రపంచ చాంపియన్‌షిప్ ఏర్పడింది. సైకిల్ ట్రయల్స్ కూడా స్పెయిన్‌లోని కతలోనియా ప్రాంతంలోనే రూపుదిద్దుకుంది. మోంతేసా మోటారు సైకిళ్లతో అనుబంధమున్న పెద్రో పీ తన కుమారుడు ఓట్ పీ సాధన కోసం చిన్న సైకిల్‌ను అనువుగా మార్చడం ఈ కథలో ముఖ్య ఘట్టం. ఇంజను బండి ఎక్కే వయసు రాని పిల్లవాడికి సైకిల్ పాఠశాల అయింది. కాలక్రమంలో అది ప్రత్యేక క్రీడగా నిలబడింది. 2009లో స్కాట్లాండుకు చెందిన డానీ మెకాస్కిల్ ఎడిన్‌బరో వీధుల్లో చేసిన విన్యాసాల వీడియో ఈ విద్యను ప్రపంచమంతటికీ పరిచయం చేసింది.

3. కనిగిరి నేల, సైకిల్ రాక

కనిగిరి కొండదుర్గం గల పట్టణం. 1970 వరకు నెల్లూరు జిల్లాలో తాలూకా కేంద్రంగా ఉంది. ఆ ఏడాది గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల భాగాలతో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. గుంటూరు వైపు పత్తి, మిరప పండే నల్లరేగడికీ, కనిగిరి వైపు రాతి మెట్టకూ సైకిల్ దృష్ట్యా చాలా భేదం ఉంది. వానాకాలంలో రేగడి బంక చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పేరుకొని చక్రాన్ని బిగించేస్తుంది. పుల్లతో గీకి మట్టి తీస్తే తప్ప బండి కదలదు. మెట్టలో అడ్డంకులు వేరు: గులకరాళ్లు, ఇసుక వాగులు, బండిచాళ్లు, కంపముళ్లు. ట్రయల్స్ నిర్వాహకులు ఏరి కోరి ఎంచుకునే అడ్డంకులన్నీ ఇక్కడ పొలానికో బడికో పోయే నిత్యమార్గంలోనే ఉన్నాయి.

ఇటీవలి కాలం వరకు రైలు ఎరుగని ఈ ప్రాంతంలో సైకిల్ విలువ మరింత ఎక్కువ. స్వాతంత్ర్యానంతరం దేశీయ ఉత్పత్తి పెరగడంతో సైకిల్ క్రమంగా సామాన్యునికి అందింది. మద్రాసు సమీపంలోని అంబత్తూరులో టీఐ సైకిల్స్ 1949లోనూ, సోనీపత్‌లో అట్లాస్ 1951లోనూ, లుధియానాలో హీరో 1956లోనూ ఆరంభమయ్యాయి. కొనలేనివారికి గంటల లెక్కన అద్దె సైకిళ్లు దొరికేవి. పాల క్యాన్లు, గడ్డిమోపులు, బట్టల మూటలు, ఐసు డబ్బాలు కట్టుకొని గతుకుల బాటన సాగిన మనుషులకు సమతౌల్యం బతుకులో భాగం. బరువు ఒకవైపు ఒరిగితే నష్టపోయేది ఆనాటి సంపాదన.

పిల్లల నేర్పు ఈ బరువుల మధ్యనే ఆటగా మొలిచింది. పెద్దవారి సైకిల్ సీటు అందని పిల్లవాడు చట్రం సందులోంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి పెడళ్లు తొక్కేవాడు. చట్రం ఒకవైపూ, శరీరం మరొకవైపూ ఒరిగి ఒకదానినొకటి నిలబెట్టే ఈ భంగిమలో ట్రయల్స్ శిక్షణలోని తొలిపాఠం ఉంది: బండి వాలినంత మాత్రాన మనిషి వాలనక్కరలేదు. సైకిల్ వచ్చాక ఆ పిల్లలు చేతులు వదలి తొక్కడం, కదలకుండా నిలబెట్టడం, ముందుచక్రం ఎత్తడం వంటి పందేలు వేసుకున్నారు. ఇవన్నీ ప్రయోజనం కోరని పనులు. అభిరుచికి ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం అక్కరలేదు.

4. వెనుకబడినవాడే విజేత

స్వాతంత్ర్య, గణతంత్ర దినోత్సవాల్లోనూ వార్షికోత్సవాల్లోనూ తెలుగు పాఠశాలలు నిర్వహించే పోటీల్లో స్లో సైకిల్ రేసు ఒకటి. సున్నంతో గీసిన సన్నని గళ్లలో పోటీదారులు వరుసగా బయలుదేరతారు. కాలు దించినవారు, గీత దాటినవారు తప్పుకోవాలి. గమ్యాన్ని చివరగా చేరినవారు గెలుస్తారు. ట్రయల్స్ నియమాలతో దీని సామ్యం స్పష్టం: హద్దుంది, కాలు దించరాదు, వేగం పనికిరాదు.

నిదానంగా పోవడం ఎందుకు కష్టం? సైకిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు హ్యాండిల్‌ను అదే పక్కకు తిప్పితే చక్రాలు తిరిగి శరీర భారం కిందికి వస్తాయి. తగిన వేగంలో ఈ సవరణలో కొంత భాగాన్ని సైకిలే చేసుకుంటుంది. తిరిగే చక్రాల భ్రమణ ప్రభావమే దీనికి ఏకైక కారణమని చాలాకాలం భావించారు. ఆ ప్రభావం లేకుండా చేసినా తనంతట తాను నిలిచే ప్రయోగాత్మక సైకిల్‌ను 2011లో శాస్త్రవేత్తలు నిర్మించి చూపడంతో ఆ అభిప్రాయం సడలింది. వేగం బాగా తగ్గినప్పుడు మాత్రం సైకిల్ స్వయంగా నిలవలేదు. సవరణ అంతా మనిషిదే. కాబట్టి స్లో సైకిల్ రేసు యంత్రపు సాయాన్ని తీసివేసి మనిషి నేర్పును మాత్రమే కొలిచే పోటీ. ఎగ్జిబిషన్లలో కనిపించే మృత్యుకూపం దీనికి వ్యతిరేక ధ్రువం. అక్కడ చెక్కగోడ మీద మోటారు సైకిల్‌ను నిలిపేది వేగమే.

5. సంత మైదానంలో ఏడురోజులు

గత శతాబ్ది ఉత్తరార్ధంలో ఊళ్లకు వచ్చిన సైకిల్ ప్రదర్శన బృందాలు కాలు మోపని నియమాన్ని గంటల నుంచి రోజులకు సాగదీశాయి. ఖాళీ మైదానంలో గుండ్రంగా తాడు కట్టి, మైకు పెట్టి, ఒక వ్యక్తి మూడు, అయిదు, ఏడు రోజులపాటు సైకిల్ దిగకుండా తిరిగేవాడు. తినడం, స్నానం, గడ్డం గీసుకోవడం అన్నీ సైకిల్ మీదనే. సాయంత్రం వేళ హ్యాండిల్ మీద కూర్చోవడం, సీటు మీద నిలబడడం, నేల మీది నోటును నోటితో అందుకోవడం వంటి విన్యాసాలు జరిగేవి. ప్రేక్షకులు మెచ్చి నోట్లను చొక్కాకు గుచ్చేవారు. 1972లో మనోజ్‌కుమార్ తీసిన హిందీ చిత్రం 'షోర్'లో కథానాయకుడు కొడుకు చికిత్సకు డబ్బు కోసం ఇలా రోజుల తరబడి సైకిల్ తొక్కుతాడు. ఈ ప్రదర్శన వెనుక ఉన్న అవసరాన్ని సినిమా సరిగానే పట్టుకుంది.

తాటిమీద, గడమీద శరీరాన్ని నిలిపిన దొమ్మరాటకూ దీనికీ పోలిక ఉంది. రెండూ ఊరి బయలును రంగస్థలంగా చేసుకున్నాయి. రెండింటిలోనూ ప్రేక్షకుడి ఆశ్చర్యమే టిక్కెట్టు. అయితే ఆధునిక యంత్రాన్ని వాడడం వల్ల సైకిల్ ప్రదర్శన జానపద కళగా గుర్తింపు పొందడం కష్టమైంది. సంచార జీవికగా ఉండడం వల్ల క్రీడగానూ లెక్కకు రాలేదు. రెండు శాస్త్రాల నడుమ జారిపోయిన విద్య ఇది. ఇక్కడ మరొక సంగతి గమనించాలి. చూసేవాడికి వినోదమైనది తొక్కేవాడికి అలసట. దీన్ని అభిరుచిగా వర్ణిస్తే ఆ శ్రమను చెరిపివేసినట్లవుతుంది. కాని మరునాడు మైదానంలో తమ సైకిళ్లతో అవే విన్యాసాలను అనుకరించిన పిల్లల ద్వారా ఆ జీవిక అభిరుచిగా మారిన మాట కూడా నిజం. గురువు పేరు తెలియని శిష్యపరంపర అది.

6. బుల్లెట్: మరచిన పుట్టుక

కోస్తా పల్లెల్లో బుల్లెట్ మోటారు సైకిల్ హోదాకు గుర్తు. దాని చరిత్ర మాత్రం ట్రయల్స్‌తో ముడిపడి ఉంది. వెనుక చక్రానికి కొత్త తరహా సస్పెన్షన్ అమర్చిన బుల్లెట్ నమూనాలను రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 1948లో ఇంగ్లండులోని కోల్మోర్ ట్రయల్ పోటీలో తొలిసారి చూపింది. 1952లో జానీ బ్రిట్టన్ అదే బండి మీద స్కాట్లాండు ఆరురోజుల పోటీలో గెలిచాడు. గతుకుల దారిని తట్టుకొనే గుణం వల్ల ఆ బండి భారత సైన్యానికి నచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. 2019లో సంస్థ ట్రయల్స్ పేరుతో బుల్లెట్ రకాలను భారతదేశంలో విడుదల చేసి ఆ పాత సంబంధాన్ని గుర్తు చేసింది. రాళ్ల మీద కాలు దించకుండా నడపడానికి పరీక్షింపబడిన యంత్రం తెలుగు పల్లెకు వచ్చేసరికి మోత, దర్పాల వాహనమైంది. వస్తువు దేశాలు దాటినా దానితోపాటు ఆట దాటలేదు. ఆటకు సంఘం, స్థలం, తీరిక కావాలి.

7. తీరిక ఎవరిది?

పైన పేర్కొన్న వినోదాలలో చాలాకాలం బాలురే కనిపిస్తారు. సైకిల్ మీద పడిలేచే స్వేచ్ఛ బాలికకు లేదు. దెబ్బ తగులుతుందన్న భయం కంటె నలుగురూ ఏమంటారోనన్న భయం ఎక్కువ. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1990ల తొలినాళ్ల అక్షరాస్యతా ఉద్యమం సైకిల్ నేర్చుకోవడాన్ని స్త్రీల స్వేచ్ఛలో భాగం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్లు పంపిణీ చేసిన పథకాలున్నాయి. వాటి ఉద్దేశం చదువు ఆగిపోకుండా చూడడం. అయితే బడికి చేర్చిన సైకిల్ మీదనే బాలికలు స్లో సైకిల్ రేసులో నిలిచినప్పుడు అవసరం కోసం ఇచ్చిన వస్తువు వారికి ఆటవస్తువు కూడా అవుతుంది. ఈ రెండవ ప్రయోజనం ఏ నివేదికలోనైనా చేరదగినదే.

చట్టం కూడా ఆలోచింపజేస్తుంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షన్ అనుమతి లేని పందేలనూ వేగ పరీక్షలనూ నిషేధిస్తుంది. రహదారి మీద ముందుచక్రం లేపి ప్రాణాలు పోగొట్టుకొనే యువకుల విషయంలో ఆ నిషేధం సమంజసం. కాని వారిలోని నేర్పును కొలిచే నిదాన క్రీడకు ఒక మైదానం చూపడం చట్టం చేయగల పని కాదు. అది విద్యాసంస్థలు చేయవలసిన పని.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ట్రయల్స్ క్రీడకు ప్రాణమైన కాలు మోపని నియమం తెలుగునాట పిల్లల ఆట, బడి పోటీ, సంచార ప్రదర్శన రూపాల్లో స్వతంత్రంగా వికసించింది.

2. ఐరోపాలో అది క్రీడగా నిలవడానికి నియమావళి, సంఘాలు, యంత్ర పరిశ్రమ తోడ్పడ్డాయి. ఇక్కడ లోపించినవి అవే. నైపుణ్యానికి కొరత లేదు.

3. కనిగిరి వంటి మెట్టప్రాంతంలో నేల స్వభావం, బరువులు మోసే జీవనం, అద్దె సైకిల్ కలిసి ఈ నేర్పును తీర్చిదిద్దగల నేపథ్యాన్ని కల్పించాయి.

4. జీవికకూ అభిరుచికీ నడుమ గీత కదిలేది. ఒకరి శ్రమను చూసి మరొకరు ఆట నేర్చుకున్నారు.

సంత మైదానాల్లో రోజుల తరబడి తిరిగినవారు, అద్దె సైకిల్ దుకాణాలు నడిపినవారు ఇప్పుడు వృద్ధులు. వారి విద్య ఏ గ్రంథంలోనూ కాక వారి మోకాళ్లలో, భుజాల్లో, జ్ఞాపకంలో ఉంది. ఊరివారీగా వారి మౌఖిక కథనాలను సేకరించడం తెలుగు శాఖలు, చరిత్ర శాఖలు కలిసి చేయదగిన పరిశోధన. ఆలస్యంగా వచ్చినవాడు గెలిచేది స్లో సైకిల్ రేసులోనే; ఈ సేకరణలో ఆలస్యానికి ఆ వెసులుబాటు లేదు.