వరసలు లెక్కపెట్టారు, జంటల మాట ఎప్పుడు వింటారు?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న విడివిడి జిల్లాలయ్యాయి. పెళ్లి సంగతిలో మాత్రం ఉమ్మడి వరంగల్ జిల్లాగా ఉన్నప్పుడే ఇక్కడ ఎవరి దారి వారిది. జనగామ పల్లెల్లో మేనరికానికి మొదటి హక్కు. మానుకోట (మహబూబాబాద్) తండాల్లో లంబాడీలు ఒకే గోత్రంలో పిల్లనివ్వరు. భూపాలపల్లి, ములుగు అడవుల్లో కోయలు గట్టు, అంటే వంశాల కూటమి, చూస్తారు. మూడో గట్టు వాళ్లకు మూడో గట్టు వాళ్లంతా అన్నదమ్ములే.

తెలుగువాళ్ల వరసలు ప్రపంచం దృష్టికి వెళ్లింది 1871లో. అమెరికా పండితుడు లూయిస్ హెన్రీ మోర్గన్ అచ్చువేసిన బంధుత్వ పట్టికల్లో తెలుగూ ఉంది. మేనమామ, పిల్లనిచ్చిన మామ ఇద్దరూ మనకు మామలే. ఈ పిలుపుల అల్లికకు మూలం పెళ్లి సంబంధాలేనని ఫ్రెంచి పండితుడు లూయీ ద్యుమా 1953లో వివరించాడు. అదే ఏడాది మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే ఉత్తరాదినీ దక్షిణాదినీ పక్కపక్కన పెట్టి చూపించారు. అక్కడ కోడలు ముక్కూమొహం తెలియని ఇంటికి వెళ్తుంది, ఇక్కడ చిన్ననాటి నుంచి ఎరిగిన అత్తింటికి వెళ్తుంది. దక్షిణాది స్త్రీకి స్వేచ్ఛ కాస్త ఎక్కువగా ఉండటానికి ఇదీ ఒక కారణమని 1983లో పరిశోధకులు డైసన్, మూర్ వాదించారు.

నిజాం రాజ్యంలో సయ్యద్ సిరాజుల్ హసన్ 1920లో కులాలు, తెగల పెళ్లి తంతు, విడాకులు, మారుమనువు గ్రంథస్థం చేశాడు. 1940లలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ చెంచులు, కొండరెడ్లు, గోండుల మధ్య ఉండి రాశాడు. హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట మీద ఎస్.సి. దూబే పుస్తకం 1955లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన హిందూ వివాహ చట్టం ఆచారం ఉన్నచోట మేనరికాన్ని ఒప్పుకుంది, షెడ్యూల్డ్ తెగలను మాత్రం తన పరిధిలోకి తీసుకోలేదు. జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ శిష్యుడు ద్రోణంరాజు కృష్ణారావు, పి. మీరాఖాన్ 1960లలో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలను జన్యుశాస్త్రం కోణంలో పరిశీలించారు.

ఇన్ని పుస్తకాల్లోనూ వరస కనిపిస్తుంది, తంతు కనిపిస్తుంది, రక్తం కనిపిస్తుంది. కలిసి బతికిన ఆడమనిషి గొంతు వినిపించదు. ఆ లోటు తీర్చినది స్త్రీశక్తి సంఘటన అనే మహిళా బృందం 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. అందులో పాలకుర్తి చిట్యాల ఐలమ్మ భూమి కోసం విసునూరు దొరతో కొట్లాడిన సంగతి తానే చెప్పింది. తెలంగాణ సాయుధ పోరాటంలో దళాల్లో తిరిగిన స్త్రీలు పెళ్లి, భర్త, కమ్యూనిస్టు పార్టీ, కన్నబిడ్డల మధ్య తాము నలిగిన తీరు దాపరికం లేకుండా చెప్పారు. మన దాంపత్యాల మీద ఇంతకంటే విలువైన సాక్ష్యం నాకు తెలియదు.

అలాంటి సాక్ష్యం ఇంకా ఎంతో మిగిలి ఉంది. లంబాడీ పెళ్లికూతురు తండా విడిచేముందు అమ్మను, అన్నను, తోటిపిల్లలను ఒక్కొక్కరినీ పట్టుకుని రాగం తీసి ఏడుస్తుంది. అదే ఢావ్లో. పుట్టింటికి ఏం బాకీ ఉందో, అత్తింటికి ఎందుకు భయమో అందులోనే చెప్పుకుంటుంది. ఒకప్పుడు పిల్లకు ఓలి ఇచ్చి చేసుకున్న తండాల్లోకి కట్నం వచ్చింది. రెండు కాలాలూ చూసిన అవ్వలు ఇంకా ఉన్నారు. మేడారం జాతరకు మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్ల నుంచి పెనక వంశం వాళ్లు దేవత సమ్మక్క భర్త పగిడిద్దరాజును అడవిదారిన ఆమె దగ్గరికి తీసుకొస్తారు. భర్తే భార్య ఊరికి నడిచొచ్చే ఈ ఆనవాయితీని కోయ జంటలు ఎలా అర్థం చేసుకుంటాయో వాళ్లనే అడగాలి.

వరంగల్‌లో 1976 నుంచి కాకతీయ విశ్వవిద్యాలయం ఉంది. ఈ జిల్లాల పిల్లలు అందులో చదువుతున్నారు. వాళ్ల చేతికి రికార్డరు ఇచ్చి సొంత ఊళ్లకు, తండాలకు, గూడేలకు పంపండి. భార్య మాట వేరుగా, భర్త మాట వేరుగా, వాళ్ల భాషలోనే రాయించండి. ఈ పని ఆ అవ్వలు ఉండగానే జరగాలి.