వీడియో ఆటల చరిత్ర: మరుగున పడ్డ పనివారు

యజమానుల పేర్లతో చరిత్ర రాయడం పాత అలవాటు. నిన్నగాక మొన్న పుట్టిన వీడియో ఆటలకు కూడా ఆ అలవాటు తప్పలేదు.

1976 నవంబరులో అమెరికాలోని ఫెయిర్‌ఛైల్డ్ కంపెనీ 'ఛానల్ ఎఫ్' అనే ఆటల యంత్రాన్ని విడుదల చేసింది. అంతకుముందు ఇళ్ళలో ఆడే యంత్రాల్లో ఆటలు లోపలే బిగించి వుండేవి. వాటిలో లేని ఆట కావాలంటే మరో యంత్రం కొనుక్కోవలసిందే. ఛానల్ ఎఫ్‌లో ఆట తాలూకు ప్రోగ్రాము విడి కాట్రిడ్జిలోని చిప్పులో వుంటుంది. యంత్రంలోని మైక్రోప్రాసెసర్ దాన్ని చదువుతుంది. అంటే ఆట పుస్తకంలాగా విడిగా రాయదగిన, అమ్మదగిన, దాచదగిన వస్తువయింది.

ఈ పనికి నాయకత్వం వహించినవాడు జెర్రీ లాసన్. 1940లో న్యూయార్క్‌లో పుట్టిన నల్లజాతి ఇంజనీరు. 1977లో అటారీ కంపెనీ అదే పద్ధతిలో తన యంత్రాన్ని తెచ్చింది. లాభమూ కీర్తీ దానికే దక్కాయి. లాసన్‌ను ఆటల నిర్మాతల సంఘం సత్కరించింది 2011 మార్చిలో. ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశాడు.

ఇప్పుడాయన్ని కాట్రిడ్జికి పితామహుడంటున్నారు. ఇదీ సగం సత్యమే. తొలి నమూనాను ఆల్పెక్స్ అనే చిన్న కంపెనీలో వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ తయారుచేశారు. కాట్రిడ్జికి రూపమిచ్చినవారు నిక్ టేల్స్‌ఫోర్, రాన్ స్మిత్. యజమానిని దించి ఆ పీఠంమీద ఒక పితామహుణ్ణి కూర్చోబెట్టినంత మాత్రాన సమష్టి శ్రమకు న్యాయం జరగదు.

అటారీ తన ఆటలమీద వాటిని రాసినవారి పేర్లు వేసేది కాదు. వారెన్ రాబినెట్ తన 'అడ్వెంచర్' ఆటలో ఒక రహస్యపు గది కట్టి, అందులో తన పేరు దాచుకున్నాడు. మన కవులూ బంధాల్లో తమ పేర్లు ఇమిడ్చారు. కాని వారిది పాండిత్య ప్రదర్శన. ఇతనికి వేరే దారి లేదు. పేరూ ప్రతిఫలమూ దక్కని నలుగురు ప్రోగ్రామర్లు 1979లో బయటికి వచ్చి యాక్టివిజన్ స్థాపించారు.

కాలక్షేపపు ఆటలకు చరిత్ర దేనికని కొందరు అడగవచ్చు. జానపద గేయాల విషయంలో మన పండితులూ ఒకనాడు ఇదే ప్రశ్న వేశారు. ఆ ఉపేక్షవల్ల ఎన్ని పాటలు పాడేవారితోనే పోయాయో!

2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటల్లో నూటికి 87 అంగట్లో దొరకడం లేదని 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ అధ్యయనం తేల్చింది. అలాంటి ఆటలను పరిశోధకులు గ్రంథాలయానికి రాకుండానే కంప్యూటరు ద్వారా చూసే అవకాశం కల్పించమని కోరితే, 2024 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం నిరాకరించింది. అమ్మని సరుకుకు కూడా తాళం తీయనివ్వని ఆస్తిహక్కు ఇది.

'రివర్ రైడ్' రాసిన కెరోల్ షా 2017లో తన కాగితాలను రాచెస్టర్‌లోని స్ట్రాంగ్ మ్యూజియానికి ఇచ్చింది. దాచవలసినవి అవే. ఆటపెట్టె దొరికితే కంపెనీ ఏం అమ్మిందో తెలుస్తుంది. చిత్తుప్రతులు దొరికితే మనిషి ఎలా ఆలోచించాడో తెలుస్తుంది. సరుకును భద్రపరచి శ్రమను మరిచిపోయిన మ్యూజియం, యజమాని గిడ్డంగికి మరో పేరు మాత్రమే.