కారు లోపలి శుభ్రత: తేమ గాలిలో పాటించాల్సిన జాగ్రత్తలు

ఆస్టినాబాద్ (అండమాన్ నికోబార్ దీవులు): నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ అండమాన్ దీవులకు వర్షాన్నిస్తాయి. ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురిసే ఈ దీవుల్లో మే నుంచి డిసెంబరు వరకు గాలిలో తేమ అధికం. అందుకే దక్షిణ అండమాన్‌లోని ఆస్టినాబాద్ వంటి ప్రాంతాల్లో తలుపులు మూసి నిలిపి ఉంచిన కారులో త్వరగా బూజు పట్టి, చెమ్మ వాసన వస్తుంది. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకే కాక, కోస్తా జిల్లాల వాహనదారులకూ ఇది పరిచితమైన సమస్యే. అయితే ఇరుకైన కారులో పొరపాటు రసాయనం వాడితే, మురికి కంటే దానివల్లే ఎక్కువ హాని కలుగుతుంది.

మొదట గాలి, తరువాత నీరు

ఇంజన్ ఆపి, తాళం తీసి, తలుపులన్నీ తెరిచాకే పని మొదలుపెట్టాలి. చిన్నపిల్లలను దూరంగా ఉంచాలి. కాలిపట్టాలను బయటకు తీసి దులిపి, ఇసుకను పొడిగా ఉండగానే వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయాలి. సముద్రతీరం నుంచి వచ్చిన వాహనాల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి, ఉప్పునీరు ఇంకిన కార్పెట్ ఒక పట్టాన ఆరదు. సీటు కింది ఇనుప పట్టాలు తుప్పు పడతాయి. మంచినీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో పలుమార్లు అద్ది ఉప్పును తొలగించాలి. ఆపై తేలికపాటి సబ్బు నీటితో తుడవాలి. మురికి పొర మిగిలి ఉంటే క్రిమిసంహారకం సరిగా పనిచేయదు.

క్రిమిసంహారకం ఎక్కడ వాడాలి?

కారంతటికీ మందు చల్లనవసరం లేదు. స్టీరింగ్, గేరు రాడ్, హ్యాండ్‌బ్రేక్, తలుపు పిడులు, సీటు బెల్టు బకిల్, అద్దాల మీటలు వంటి చేతులు తరచూ తాకే చోట్లు చాలు. కోవిడ్ కాలంలో కేంద్ర ఆరోగ్య శాఖ, బ్లీచింగ్ ద్రావణం పనికిరాని తలుపు పిడులు, తాళాల వంటి లోహపు భాగాలకు 70 శాతం ఆల్కహాల్ వాడవచ్చని సూచించింది. ఆల్కహాల్‌ను నేరుగా చల్లక, గుడ్డకు పట్టించి తుడవాలి. దాని ఆవిరికి త్వరగా నిప్పంటుకుంటుంది కనుక దరిదాపుల్లో సిగరెట్, అగ్గిపుల్ల వెలిగించరాదు. శానిటైజర్ సీసాను ఎండలో నిలిపిన కారులో వదలరాదు.

తోలు సీట్లపై ఆల్కహాల్ వాడితే రంగు పోయి, తోలు బీటలు వారుతుంది. అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ టచ్ స్క్రీన్ పూతను దెబ్బతీస్తుంది. సీటు బెల్టుకు బ్లీచింగ్ తగిలితే దాని పట్టీ బలహీనపడి, ప్రమాద సమయంలో తెగిపోయే అవకాశముంది. బెల్టును సబ్బు నీటితో తుడిచి, పూర్తిగా ఆరాకే లోపలికి వెళ్లనివ్వాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న చోట, స్విచ్‌ల సందుల్లో ద్రవం పోయకూడదు. స్టీరింగ్‌కు, పెడల్స్‌కు మెరుపునిచ్చే పాలిష్ రాస్తే పట్టు జారుతుంది.

కలపకూడనివి

బ్లీచింగ్ ద్రావణాన్ని టాయిలెట్ యాసిడ్‌తోగాని, వెనిగర్‌తోగాని కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియాతో కలిపితే క్లోరమిన్ వాయువులు పుడతాయి. గొంతు మంట, దగ్గు, కళ్లు మండటం మొదలైతే వెంటనే ఆరుబయటికి రావాలి. కళ్లను ధారగా నీటితో కడిగి వైద్యుణ్ణి సంప్రదించాలి. మరకలకు పెట్రోలు, కిరోసిన్ వాడటం అగ్నిప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. వాసన పోవాలని కలరా ఉండలు ఉంచడమూ మంచిది కాదు. వాటి నాఫ్తలీన్ ఆవిరి జీ6పీడీ లోపం ఉన్న శిశువుల్లో ఎర్ర రక్తకణాలను నాశనం చేయగలదు.

బూజు పడితే

బూజును పొడి బ్రష్‌తో రుద్దితే దాని బీజాలు గాలిలోకి లేస్తాయి. ఎన్-95 మాస్కు, చేతి తొడుగులు ధరించి, సబ్బు నీటిలో తడిపి పిండిన గుడ్డతో తుడవాలి. ఆస్తమా ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. సీటు స్పాంజి లోపలికి బూజు పాకితే దానిని మార్చడమే ఉత్తమం.

ఆరబెట్టడమే కీలకం

తడి మిగిలితే బూజు మళ్లీ వస్తుంది. వాన తెరిపి ఇచ్చినప్పుడు తలుపులు తెరిచి ఆరబెట్టాలి. మూసిన షెడ్డులో ఇంజన్ నడుపుతూ ఏసీతో ఆరబెట్టడం ప్రాణాంతకం. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. గమ్యం చేరే ముందు కొద్ది నిమిషాలు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రమే నడిపితే లోపలి చెమ్మ ఆరుతుంది. ఏసీ నడుస్తున్నా కారు కింద నీరు కారకుండా, లోపలి కార్పెట్ తడుస్తుంటే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయిందేమో చూపించాలి. క్యాబిన్ ఫిల్టర్‌ను తయారీదారు చెప్పిన గడువులో మార్చాలి. తేమ ప్రాంతాల్లో అంతకుముందే పరిశీలించడం మేలు.