1990వ దశకపు తెలుగు భయానక చిత్రాలు

1990వ దశకంలో తెలుగులో వెలువడిన దెయ్యాల, ఆత్మల కథాచిత్రాలు సంఖ్యలో చాలా తక్కువ. వాటిలో రామ్ గోపాల్ వర్మ దర్శకత్వం వహించిన రాత్రి (1992), దెయ్యం (1996) ముఖ్యమైనవి. విడుదలైనపుడు ఈ రెండూ ప్రేక్షకాదరణను ఆశించిన మేరకు పొందలేదు. తరువాతి కాలంలో టెలివిజన్, వీసీడీలు, అంతర్జాలం ద్వారా వీటికి ప్రత్యేకమైన అభిమానులు ఏర్పడ్డారు. ఇదే దశకంలో వచ్చిన అమ్మోరు (1995) ఘనవిజయం సాధించింది. ఈ చిత్రాలలో భయానికి కారకులు ఎవరు అన్న విషయంలో పెద్ద తేడా ఉంది. బాణామతి, చేతబడి నమ్మకాలు బలంగా ఉండి, ఆ అనుమానంతో మనుషులపై దాడులు జరిగిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాదు జిల్లాల వంటి ప్రాంతాలలో ఈ తేడాకు వినోదాన్ని మించిన ప్రాధాన్యం ఉన్నది.

పరిభాష

పత్రికలలో ఈ చిత్రాలను "హారర్ సినిమాలు" అని రాయడం పరిపాటి. మన అలంకార శాస్త్రంలో దీనికి సరిపోయే మాట భయానకం. భరతుని నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాలలో భయానకము, బీభత్సము వేరువేరు. మొదటిదానికి స్థాయీభావం భయం, రెండవదానికి జుగుప్స. నెత్తురు, కుళ్ళిన శవం, వికృతమైన ముఖం చూపి ఏవగింపు కలిగిస్తే అది బీభత్సం. ఖాళీ గదిలో తలుపు దానంతట అదే కదిలితే కలిగేది భయం. ఈ రెండింటినీ ఒకటిగా చూడడం వలన చాలా సమీక్షలలో గందరగోళం ఏర్పడింది. విద్యార్థులు ఈ తేడాను గుర్తుంచుకుంటే రాత్రి వంటి చిత్రం దేనిని సాధించిందో తెలుసుకోవడం తేలిక.

తొలినాళ్ళలో ఆదరణ పొందకపోయినా, చిన్న సంఖ్యలోనైనా పట్టు వదలని అభిమానులు గల సినిమాను "కల్ట్ చిత్రం" అంటున్నారు. తెలుగులో ఈ మాటకు స్థిరమైన పర్యాయపదం ఇంకా ఏర్పడలేదు.

పూర్వరంగం

తెలుగు తెరపై దెయ్యం చాలాకాలం నవ్వించే పాత్రగానే ఉంది. ఇందుకు బి. విఠలాచార్య (1920–1999) జానపద చిత్రాలు ప్రధాన కారణం. జగన్మోహిని (1978)లో దెయ్యం పొయ్యిలో కట్టెలకు బదులుగా తన కాళ్ళనే పెట్టి వంట చేస్తుంది. ఆ సన్నివేశం చూసి భయపడినవారికంటే నవ్వినవారే ఎక్కువ. పిల్లలు దానిని ఇంటికి వచ్చి అభినయించేవారు.

నిజమైన భయాన్ని తెలుగు పాఠకులకు చవి చూపినది నవల. యండమూరి వీరేంద్రనాథ్ రాసిన తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చి విశేష ప్రచారం పొందింది. ఆస్తి కోసం ఒక పసిపిల్లపై క్షుద్రప్రయోగం చేయించడం దీని ఇతివృత్తం. రచయిత మంత్రశక్తికి, వైద్యశాస్త్రానికి సమానంగా చోటు ఇచ్చి, ఏది నిజమో పాఠకుని నిర్ణయానికి వదిలివేశాడు. అయితే ఈ నవల మూఢనమ్మకాలను పెంచుతున్నదన్న విమర్శ అప్పట్లోనే వచ్చింది. రంగనాయకమ్మ దీనిపై "తులసిదళం కాదు గంజాయిదమ్ము" అనే పుస్తకమే రాసింది. ఈ కథాక్రమంలోని నవల ఆధారంగా కాష్మోరా (1986) అనే చిత్రం వచ్చింది. చేతబడి చేసే మనిషి, చేయించే బంధువు, బలయ్యే అమాయకురాలు అనే ముక్కోణపు కథ ఆ విధంగా తెలుగు తెరకు అలవాటయింది.

మరోవైపు హిందీలో రామ్‌సే సోదరుల పురానా మందిర్ (1984), వీరానా (1988), బంద్ దర్వాజా (1990) వంటి చిత్రాలు చిన్న పట్టణాలలో బాగా ఆడేవి. పై వర్గీకరణ ప్రకారం ఇవి బీభత్స ప్రధానమైనవి. 1993లో జీ టీవీలో వారి ధారావాహిక "జీ హారర్ షో" మొదలు కావడంతో ఈ తరహా కథలు ఇళ్ళలోకి వచ్చాయి.

రాత్రి (1992)

శివ (1989), క్షణక్షణం (1991) చిత్రాల తరువాత వర్మ తెలుగులో రాత్రి గాను, హిందీలో రాత్ గాను ఈ చిత్రాన్ని తీశాడు. హిందీ చిత్రం 1992 ఫిబ్రవరిలో విడుదలైంది. రేవతి ప్రధాన పాత్ర ధరించింది. ఓం పురి, రోహిణీ హట్టంగడి, చిన్నా ఇతర ముఖ్య పాత్రధారులు. తేజ ఛాయాగ్రహణం నిర్వహించాడు. ఇతడే తరువాత దర్శకుడై చిత్రం (2000), జయం (2002) తీశాడు. మణిశర్మ సంగీత దర్శకునిగా తొలి అడుగు వేసినది కూడా ఈ చిత్రం నేపథ్య సంగీతంతోనే.

కథ చాలా సాధారణమైనది. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంటిలోకి అద్దెకు వస్తుంది. పొరపాటున ఒక పిల్లి కారు కింద పడి చనిపోతుంది. ఆ తరువాత కాలేజీలో చదువుకునే కుమార్తె ప్రవర్తనలో మార్పు వస్తుంది. వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలని ఒకరు, మాంత్రికుని పిలవాలని మరొకరు వాదులాడుకుంటారు. ఆ ఇంట్లో పూర్వం జరిగిన ఒక హత్యకు, నేలమాళిగకు దీనితో సంబంధం ఉన్నదని చివరకు తెలుస్తుంది.

చిత్ర ప్రారంభంలో కథానాయిక బస్సు దిగి మనుషులెవరూ లేని ఊరిలో నడిచే స్వప్న సన్నివేశం ప్రసిద్ధమైనది. అందులో దెయ్యం లేదు, నెత్తురు లేదు. పగటి వెలుతురు, నిశ్శబ్దం, నడిచే అడుగుల చప్పుడు మాత్రమే ఉన్నాయి. కెమెరా నేలకు దగ్గరగా, ఎవరో వెంబడిస్తున్నట్లుగా కదులుతుంది. సినిమా హాలులో ఆమె ఒంటరిగా మిగిలిపోయే సన్నివేశం మరొకటి. హాలులో కూర్చుని చూస్తున్న ప్రేక్షకుడు తన పక్క కుర్చీ వంక చూసుకోక తప్పని విధంగా దీనిని తీశారు. తెలుగు చిత్రాలలో ఇంత తక్కువ సామగ్రితో ఇంత భయం పుట్టించిన సన్నివేశాలు అంతకు ముందు లేవనే చెప్పవచ్చు. రేవతి నటన గురించి కూడా చెప్పుకోవాలి. పూనిన స్థితిలో ఆమె అలంకరణపై ఆధారపడక, చూపుతోను, మెడ తిప్పే తీరుతోను మనిషి మారిపోయిన భావన కలిగించింది.

హాలీవుడ్ చిత్రం ద ఎక్సార్సిస్ట్ (1973) పోలికలు ఇందులో స్పష్టంగా ఉన్నాయి. యువతికి ఆవేశం కలగడం, వైద్యం విఫలం కావడం, చివరకు మంత్రజ్ఞుడు రావడం అక్కడి క్రమమే. చివరి భాగంలో మాంత్రికుని పోరాటం దీర్ఘంగా సాగి, మొదటి భాగంలోని నిగ్రహాన్ని కొంత చెడగొట్టింది. అయినా ఒక విషయం గమనించదగినది. ఈ కథలో చేతబడి చేసిన మనిషి ఎవరూ లేరు. ఇరుగుపొరుగు ముసలమ్మనో, బంధువునో వేలెత్తి చూపే అవకాశం ప్రేక్షకునికి లేదు. నేరం పాతది, హత్యకు గురైన స్త్రీదే ఆగ్రహం.

దెయ్యం (1996)

ఇది నేరుగా తెలుగులో తీసినది. జయసుధ, జె. డి. చక్రవర్తి, మహేశ్వరి ముఖ్య పాత్రధారులు. చక్రవర్తి, మహేశ్వరి అంతకు ముందు సంవత్సరం గులాబీ చిత్రంతో జనాదరణ పొందిన జంట కావడం వలన యువ ప్రేక్షకులు ఇది కూడా ప్రేమకథ అనుకొని వెళ్ళారేమో. 2021లో ఇదే దర్శకుడు రాజశేఖర్ కథానాయకునిగా ఇదే మాట పేరులో ఉన్న మరొక చిత్రం విడుదల చేశాడు. రెండింటికీ సంబంధం లేదు.

ఒక దంపతులు ఊరికి దూరంగా ఫామ్‌హౌస్ కట్టుకుంటారు. ఆ స్థలం ఒకప్పటి శ్మశానం. మొదట ఆ ఇంటి చిన్నపిల్ల చావుతో కష్టాలు మొదలవుతాయి. వల్లకాటి నేలలో ఇల్లు కట్టరాదన్న నమ్మకం తెలుగు పల్లెలన్నిటా ఉన్నదే. పట్టణాలు పెరిగి, ఊరి బయట ఉన్న పొలాలు, బొందలగడ్డలు ప్లాట్లుగా మారడం మొదలైన కాలంలో ఈ కథ రావడం యాదృచ్ఛికం కావచ్చు. ఇప్పుడు చూస్తే మాత్రం ఆ కాలపు ఆందోళన ఇందులో కనిపిస్తుంది. సాంకేతికంగా ఇది రాత్రి స్థాయికి చేరలేదు. బీభత్సం పాలు ఎక్కువ, హాస్య సన్నివేశాలు అతకలేదు. కుటుంబ చిత్రాల కథానాయికగా పేరు పొందిన జయసుధను తల్లి పాత్రలో ఉంచి, ఆ ఇంటి భద్రతనే పోగొట్టడం దీని బలం.

అమ్మోరు, దేవి

కోడి రామకృష్ణ దర్శకత్వంలో ఎం. శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మించిన అమ్మోరు 1995 నవంబరులో విడుదలైంది. సౌందర్య, రమ్యకృష్ణ, సురేష్, రామిరెడ్డి నటించారు. గ్రాఫిక్స్‌ను విస్తృతంగా వాడిన తొలి తెలుగు చిత్రాలలో ఇది ఒకటి. దీనిని భయానక చిత్రమనుటకంటే భక్తి చిత్రమనుట సబబు. కాని రామిరెడ్డి ధరించిన క్షుద్ర మాంత్రికుని పాత్ర కలిగించిన భయం ఆ రోజులలో పిల్లలను చాలాకాలం వదలలేదు. ఇదే దర్శకుని దేవి (1999) కూడా ఈ కోవకు చెందినదే. దేవిశ్రీప్రసాద్‌కు సంగీత దర్శకునిగా అది తొలి చిత్రం.

"అమ్మోరు" అన్నది కోస్తా జిల్లాల మాట. ఉత్తర తెలంగాణలో ఆ స్థానం పోచమ్మది, మైసమ్మది. నిర్మల్ సమీపంలోని అడెల్లి పోచమ్మ ఈ ప్రాంతంలో ప్రసిద్ధ క్షేత్రం. మాట వేరైనా భావం ఒకటే కావడంతో ఇక్కడి ప్రేక్షకులు చిత్రాన్ని తమదిగానే స్వీకరించారు. పూనకం ఇక్కడి వారికి వింత కాదు. బోనాల నాడు అది కంటి ఎదుటి విషయం. దుష్టుడు ఎవరో ముందే తెలిసి, చివరకు తల్లి వచ్చి వానిని సంహరిస్తుందన్న ధైర్యం అమ్మోరు ఇచ్చింది. ఆ ధైర్యాన్ని రాత్రి గాని, దెయ్యం గాని ఇవ్వలేదు. వాటి పరాజయానికి ఇది ముఖ్య కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఉత్తర తెలంగాణలో నమ్మకాలు

పూర్వపు కరీంనగర్ జిల్లా 2016 అక్టోబరు పునర్వ్యవస్థీకరణలో ప్రధానంగా కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలుగా, ఆదిలాబాదు జిల్లా ఆదిలాబాదు, మంచిర్యాల, నిర్మల్, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలుగా ఏర్పడ్డాయి. ఈ ప్రాంతంలోను, పొరుగున ఉన్న మెదక్ ప్రాంతంలోను చేతబడిని బాణామతి అని, మంత్రాలు చేయడం అని అంటారు. పశువు చచ్చినా, పసిబిడ్డకు జబ్బు చేసినా ఎవరో "చేశారు" అన్న అనుమానం పుడుతుంది. ఆ అనుమానం సాధారణంగా వితంతువులు, వృద్ధులు, పేదల మీద పడుతుంది. అనుమానితుని పళ్ళు రాలగొట్టే ఆచారం ఉండేది. పళ్ళు లేనివాడు మంత్రాన్ని సరిగా ఉచ్చరించలేడు కనుక అది పనిచేయదని నమ్మకం.

పత్రికలలో "మంత్రాల నెపంతో హత్య" అన్న శీర్షిక ఇక్కడి పాఠకులకు పరిచయమైనదే. ఇది గతించిన విషయం కాదు. 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలో ఒక తండ్రిని, అతని ఇద్దరు కుమారులను కులసంఘం సమావేశంలో ఇదే అనుమానంతో పొడిచి చంపారు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇటువంటి దురాచారాలపై ప్రత్యేక చట్టాలు చేశాయి.

జనవిజ్ఞాన వేదిక వంటి సంస్థలు గ్రామాలలో ప్రదర్శనలు ఇచ్చి మాంత్రికుల కిటుకులను బయటపెట్టాయి. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడం వీటిలో ఒకటి. కత్తికి ముందుగా మందార పూల రసం పూసి ఆరబెడితే, నిమ్మరసంలోని ఆమ్లం తగిలి అది ఎర్రబడుతుంది. పసుపు నీటిలో సున్నం కలిపితే ఎర్రనగుట ప్రతి ఇంటిలోను తెలిసినదే, పారాణి అదే. పాఠశాల ప్రయోగశాలలో మిథైల్ ఆరెంజ్‌తో చేసే పరీక్షకు, ఈ నిమ్మకాయ విద్యకు సూత్రం ఒకటే.

సినిమా చూసి ఎవరో హత్య చేశారని చెప్పడానికి ఆధారాలు లేవు, అలా చెప్పడం తగదు కూడా. నమ్మకం సినిమాకంటే చాలా పాతది. అయితే మాంత్రికుడే దోషిగా ఉండే కథ, అప్పటికే ఉన్న అనుమానానికి రూపం, వేషం, ముఖం సమకూర్చగలదు. నల్లబట్టలు, ముగ్గు, పుర్రె, నిమ్మకాయ కనిపిస్తే చాలు, కథ దానంతట అదే అల్లుకుంటుంది. రాత్రి చూసి బయటికి వచ్చినవాడు చీకటికి భయపడతాడు గాని పొరుగింటివానికి భయపడడు.

తరువాతి కాలం

వర్మ హిందీలో తీసిన భూత్ (2003) పాటలు లేకుండా వచ్చి మంచి విజయం సాధించింది. ఊర్మిళ మతోండ్కర్‌కు ఫిల్మ్‌ఫేర్ విమర్శకుల ఉత్తమ నటి పురస్కారం దీనికే లభించింది. ఆ విజయం తరువాత విమర్శకులు తిరిగి రాత్ వైపు చూశారు. శ్యాంప్రసాద్ రెడ్డి, కోడి రామకృష్ణల అరుంధతి (2009) అమ్మోరు మార్గాన్నే మరింత భారీగా కొనసాగించింది.

వర్మ స్వయంగా 2008లో ఫూంక్ చిత్రంతో చేతబడి కథకు మళ్ళాడు. దేనినీ నమ్మని తండ్రి, పనిలోనుండి తొలగించిన ఉద్యోగిని చేయించిన ప్రయోగం, జబ్బుపడిన కుమార్తె ఇందులోని పాత్రలు. చివరకు తండ్రి నమ్మక తప్పదు. దీని తెలుగు రూపం జగపతిబాబు నటించిన రక్ష (2008). తనే పదహారేళ్ళ క్రితం తప్పించుకున్న ముక్కోణపు కథలోకి దర్శకుడు తిరిగి వెళ్ళడం విచారకరం.

మా ఊరి పొలిమేర (2021), దాని రెండవ భాగం (2023), విరూపాక్ష (2023) చిత్రాలతో చేతబడి ఇతివృత్తం మళ్ళీ ఆదరణ పొందింది. వీటిలో విరూపాక్ష, మంత్రాల అనుమానంతో గ్రామస్థులు ఒక దంపతులను సజీవంగా తగులబెట్టడంతో మొదలై, ఏళ్ళ తరువాత ఆ ఊరిపై సాగే ప్రతీకారాన్ని చూపుతుంది.