పిడికెడు బియ్యం

‘బియ్యం క్రైస్తవులు’ అనే మాట నేను మొదట బయటివాళ్ల నోటే విన్నాను. తర్వాత ఎక్కువసార్లు అన్నది మాత్రం నేనే.

పెరిగింది నరసరావుపేటలో. ఇంటర్‌కొచ్చేసరికి మా సంఘంలో కమిటీ గొడవలు, కానుకల లెక్కల మీద కేకలు అన్నీ చూసేశాను. హైదరాబాద్ వచ్చాక ఎవరూ అడక్కముందే, “మావాళ్లు కరువులో గంజి కోసం మారార్లే” అని నవ్వేసేవాణ్ణి. మనమే ముందు నవ్వేస్తే ఎదుటివాడికి ఛాన్స్ ఉండదు కదా. ఓసారి నాయనమ్మ ముందు కూడా అనేశాను. తిట్టలేదు. “నువ్వు చూశావా?” అంది, అంతే.

చూడలేదు. చదివింది కూడా చాలా ఏళ్ల తర్వాతే.

1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగపల్లెల నుంచి వేలమంది వచ్చి మట్టి మోశారు, కూలి తీసుకున్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానం ఆయనకూ ఉంది. పదిహేను నెలలు ఆపేశాడు. కరువు సాయం ఇక లేదని తేలాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు. ఇచ్చింది కూడా క్లౌ కాదు, తెలుగు బోధకులు.

ఈ 2,222 అంకెను ఇటు సువార్త సభల్లో గొప్పగా చెప్తారు, అటు ఎగతాళికీ వాడతారు. ఆ పదిహేను నెలల గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. నాకు అసలు కథ అక్కడే కనిపించింది. క్లౌదీ అనుమానమే, నాదీ అనుమానమే. ఆయన ఆగి చూశాడు. చూసింది తన అనుమానానికి ఎదురుగా ఉంటే ఒప్పుకున్నాడు. నేనైతే చూడకుండానే తీర్పు రాసేసుకున్నాను.

ఇంకొకటి. ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, తాళ్లకొండపాడు మాదిగ, బాప్తిస్మం తీసుకున్నది 1866లో. అంటే కరువుకు పదేళ్ల ముందు. అప్పటికే ఆయన గురువుల వెంట తిరిగి యోగం సాధన చేసినవాడు. ఆయన వెతుక్కున్నది గంజి కాదు. ఆయన వెనకాల వచ్చినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, ఆదివారం పనికి రామన్నారు, జాతరలో డప్పు కొట్టమన్నారు. ఊరి పెద్దలు ఊరుకుంటారా? పనులు ఆపారు, దారులు మూశారు, కొట్టారు. తిండి కోసమే అయితే ఉన్న తిండి పోగొట్టుకునే పని ఎవరు చేస్తారు?

ఆకలి లేదని నేననను. కరువులో ఆకలి లేకుండా ఎట్లా ఉంటుంది? కానీ ఆకలితో ఉన్న మనిషికి దేవుడు, పరువు, పాపం లాంటి ఆలోచనలే రావనుకోవడం ఎంత పెద్ద పొగరో నాకు ఆలస్యంగా తెలిసింది. కరణంగారు గుడికెళ్తే భక్తి, మా ముత్తవ్వ చర్చికెళ్తే గంజి. ఈ లెక్క రాసింది వేరేవాళ్లు. నేను దాన్ని తెలివి అనుకుని మోశాను. కమిటీ మీద మొదలైన వెటకారం పాస్టరు మీదికి, నాయనమ్మ మీదికి, చివరికి నా ప్రార్థన మీదికి వచ్చింది. కళ్లు మూసుకుంటే చాలు, లోపల ఒకడు కూర్చుని ‘నటిస్తున్నావులే’ అనేవాడు.

1883లో నరసరావుపేట, వినుకొండ మిషన్ స్టేషన్లయ్యాయి. ఆ వినుకొండలోనే 1895లో జాషువా పుట్టాడు. కులం ఆయన్ని చర్చి బయటా లోపలా కూడా వదల్లేదు. వెటకారానికి ఆయనకున్నంత హక్కు ఎవరికుంది? అయినా 1941లో ‘గబ్బిలం’ రాసిన మనిషే ‘క్రీస్తు చరిత్ర’ కూడా రాశాడు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. కోపం ఉంది, ప్రేమా ఉంది. నా దగ్గర రెండూ లేవు, జోకులున్నాయి.

మొన్న క్రిస్మస్‌కి ఊరెళ్లాను. నాయనమ్మ పొద్దున అన్నానికి బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కన డబ్బాలో వేసింది. పల్లె సంఘాల్లో ఆడవాళ్లు ఇట్లా దాచి ఆదివారం చర్చికి తీసుకెళ్లడం పాత అలవాటు. మా చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. “ఇదెవరు తింటున్నారో కనుక్కున్నావా?” అని అడిగేవాణ్ణి ఇదివరకు.

ఆదివారం ఆ బియ్యం సంచిలో పోసి నా చేతికిచ్చింది. మోకాళ్ల నొప్పులంట, మెల్లగా నడుస్తోంది. నేను ముందు నడిచాను.